తగ్గిన ధర... ఎవరి ఖాతాలో?

ఉల్లి యాభై దాటితే వార్త. వంద దాటితే మంత్రుల సమావేశం. టమాటా రెండొందలకు చేరితే ప్రభుత్వమే వ్యాన్లలో పెట్టి అమ్ముతుంది. పప్పు పెరిగితే గోదాముల్లో తనిఖీలు... నూనె పెరిగితే దిగుమతి సుంకంలో కోత... పెట్రోలు మరీ మండిపోతే పన్నులో కోత! ధరలు పెరిగితే సర్కార్లు చేతులు ముడుచుకుని కూర్చుంటాయన్నది నిజం కాదు. ఎన్నికలు దగ్గరలో ఉంటే అసలే కూర్చోవు. ఏదో ఒకటి చేస్తూనే ఉంటాయి.

కాకపోతే ఒక చిక్కుంది. కిలోకు పది రూపాయలు తగ్గాయంటే ఆ పది ఎక్కడినుంచో రావాలి కదా! ఖజానా నుంచి రావచ్చు, రైతు రాబడి నుంచి రావచ్చు, రేపు కట్టబోయే పన్నుల నుంచీ రావచ్చు. సంచిలోకి వచ్చిన ఊరట ఎవరి ఖాతాలో ఖర్చుగా పడిందో చూస్తే... ఏది మంచి మందో, ఏది తాత్కాలిక పూతో తేలిగ్గానే తెలుస్తుంది.

రెండు రూపాయల బియ్యం

ధరల మీద యుద్ధానికి తెలుగునాట పెద్ద గుర్తు కిలో రెండు రూపాయల బియ్యమే. అంతకుముందే, 1967లో పొరుగున మద్రాసు రాష్ట్రంలో అన్నాదురై రూపాయికి పడి బియ్యం ఇస్తామని చెప్పి ఎన్నికల్లో గెలిచారు. పదహారేళ్ల తర్వాత ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలన్నారు. 1982 మార్చిలో పార్టీ పెట్టి, 1983 జనవరిలో అధికారంలోకి వచ్చి, ఆ ఏడాదే పథకాన్ని అమల్లో పెట్టారు.

పేదింటి నెల ఖర్చులో బియ్యానిదే పెద్ద పద్దు. ఆ ఒక్కటీ తేలికైతే మిగిలిన డబ్బుతో పప్పో, కూరగాయలో, పిల్లాడికి పలకో కొనొచ్చు. అందుకే ఆ మాట అంతగా జనంలోకి వెళ్లింది. ఇక్కడ రైతు నష్టపోయింది లేదు. బయట ధరకూ, డిపోలో ధరకూ ఉన్న తేడా అంతా ఖజానాయే భరించింది. ఆ భారం మోయలేమనుకున్నప్పుడల్లా రేటు మారింది. 1996లో చంద్రబాబు ప్రభుత్వం మూడున్నర రూపాయలు చేసింది. 2008లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మళ్లీ రెండు రూపాయలకు తెచ్చింది. 2011 నవంబరులో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం రూపాయి చేసింది.

దిల్లీ కూడా అదే దారి పట్టింది. 2013 ఆహార భద్రత చట్టం కిలో బియ్యం మూడు రూపాయలకు ఇవ్వాలంది. 2023 జనవరి నుంచి అదీ లేదు, పూర్తిగా ఉచితం. 2024 జనవరి నుంచి మరో అయిదేళ్లు ఇలాగే ఇస్తామని కేంద్రం ప్రకటించింది. సుమారు 81 కోట్ల మందికి వర్తించే ఈ ఏర్పాటుకు ఆహార రాయితీ కింద ఏటా రెండు లక్షల కోట్ల రూపాయల వరకూ ఖర్చవుతోంది. చిన్న మొత్తం కాదు. కానీ ఎవరు కడుతున్నారో బడ్జెట్లో అందరికీ కనిపిస్తుంది. ఆ మేరకు ఇది నిజాయతీ గల మందు.

దీనిలోనూ ఓ లోపం ఏళ్ల తరబడి సాగింది. డిపోలో ఇచ్చే దొడ్డుబియ్యం చాలా ఇళ్లలో వండుకునేవారు కాదు. ఇంటి ముందుకొచ్చిన వ్యాపారికి కిలో కొన్ని రూపాయలకు అమ్మేసి, దానికి మరికొంత కలిపి బజార్లో సన్నబియ్యం కొనుక్కునేవారు. సర్కారు పెట్టిన ఖర్చులో పేదింటికి దక్కింది కొంతే. మధ్యలో మిల్లు పట్టి మళ్లీ అమ్ముకున్నవారికి దక్కింది ఎక్కువ. 2025 ఉగాదికి తెలంగాణ ప్రభుత్వం హుజూర్‌నగర్‌లో రేషన్ కార్డుల మీద సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టడానికి ఇదే కారణం. మనిషికి ఆరు కిలోలు, ఉచితం. చౌకగా ఇస్తే చాలదు... తినేది ఇవ్వాలి అన్న సంగతి తెలిసిరావడానికి నలభై ఏళ్లు పట్టింది!

కమీషన్ లేని కూరగాయలు

బియ్యానికి గోదాములున్నాయి, డిపోలున్నాయి. మరి వంకాయకో? కూరగాయలు నిల్వ ఉండవు. ప్రభుత్వం కొని దాచిపెట్టలేదు. అందుకని 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేరే దారి ఎంచుకుంది... రైతు బజారు!

పొలంలో రైతుకు దక్కే ధరకూ, వీధి చివర బండి మీద పలికే ధరకూ మధ్య బోలెడు తేడా. మార్కెట్ యార్డులో కమీషన్ ఏజెంటు, హోల్‌సేల్ వ్యాపారి, చిల్లర వ్యాపారి... ఒక్కొక్కరి దగ్గరా కాస్త కాస్త పెరుగుతూ వస్తుంది. రైతు బజారులో రైతే తూకం వేస్తాడు. ఆ రోజు ధరను అధికారులు హోల్‌సేల్ కంటే కాస్త ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే తక్కువగా ఖరారు చేసి బోర్డు మీద రాస్తారు. తెల్లవారుజామున ఆర్టీసీ బస్సుల్లో గంపలు వేసుకుని వచ్చే రైతులు, ఉదయాన్నే సంచులతో బయల్దేరే పెద్దాయనలు... మెహదీపట్నం, ఎర్రగడ్డల నుంచి విశాఖ దాకా ఇది నిత్యం కనిపించే దృశ్యమైపోయింది. అదే ఏడాది చివర్లో తమిళనాడు 'ఉళవర్ సందై' పేరుతో ఇలాంటివే తెరిచింది.

ఈ మందులో విశేషం ఏమిటంటే రైతుకు రూపాయి ఎక్కువ వస్తుంది, కొనేవారికి రూపాయి తగ్గుతుంది. ఖజానాకు స్థలం, షెడ్ల ఖర్చే. మరి దేశమంతా ఇదే చేస్తే సరిపోదా? సరిపోదు. నగరానికి దగ్గర్లో కూరగాయలు పండించే రైతులు ఉండాలి. ఒక్కో రైతు తెచ్చేది గంపల లెక్క... నగరం తినేది లారీల లెక్క. పైగా రైతు బజారు మధ్యలోని కమీషన్‌ను తగ్గించగలదు గానీ, పొలంలో పంటే లేనప్పుడు ఏమీ చేయలేదు. ఆ సంగతి 2023 వేసవి చివర టమాటా రుజువు చేసింది.

మదనపల్లెలో మూడు నెలలు

దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో మదనపల్లె ఒకటి. 2023 జులై నెలాఖరుకు అక్కడ నాణ్యమైన రకం కిలో రెండొందల దరిదాపులకు వెళ్లింది. ఎండలకు, ఆపై అకాల వానలకు తోటలు దెబ్బతిన్నాయి. అంతకుముందు ధర లేక నష్టపోయిన రైతులు కొందరు ఆ కారు వేయనేలేదు. ఆ జులైలో దేశంలో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 7.44 శాతానికి, ఒక్క ఆహారంలో అయితే 11 శాతం పైకి ఎగబాకింది.

సర్కార్లు పరుగులు పెట్టాయి. కేంద్రం తన సహకార సంస్థల ద్వారా ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల్లో టమాటా కొనిపించి దిల్లీ వంటి నగరాల్లో వ్యాన్ల మీద అమ్మించింది. జులై 14న కిలో 90 రూపాయలు, రెండు రోజులకే 80, ఆ వారంలోనే 70! ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మార్కెట్లో కొని రైతు బజార్లలో 50 రూపాయలకు ఇచ్చింది. క్యూలో నిల్చున్నవారికి మేలు జరిగింది. తేడా ఖజానా భరించింది. ఇంతవరకూ బాగానే ఉంది.

తర్వాతే కథ మారింది. మంచి ధర చూసి అందరూ టమాటా వేశారు. సెప్టెంబరుకల్లా కొత్త పంట వెల్లువలా వచ్చి పడింది. మార్కెట్లో కిలో పది రూపాయల లోపుకు జారిపోయింది. కోత కూలీ, రవాణా ఖర్చు కూడా రాదని రైతులు పారబోసిన వార్తలు మళ్లీ మామూలే. జులైలో రెండు రోజులకోసారి ధర మీద ప్రకటన వచ్చింది. సెప్టెంబరులో ఆ హడావుడి లేదు. కొనేవారి కష్టం సమస్య అవుతోంది, అమ్మేవారి కష్టం సీజన్ అవుతోంది... తేడా అక్కడుంది.

గేటు వేస్తే ఎవరికి నొప్పి?

ఖజానాకు పైసా ఖర్చు లేకుండా ధర దించే మార్గం ఒకటుంది. ఎగుమతులు ఆపేయడం! సరుకు బయటికి పోకపోతే దేశంలోనే పోగుపడుతుంది, ధర దిగుతుంది. రాత్రికి రాత్రి ఒక ఉత్తర్వు చాలు.

ఉల్లి విషయంలో ఇది దాదాపు అలవాటైపోయింది. అందుకు కారణం చరిత్రలో ఉంది. 1998 చివర్లో దిల్లీ ఎన్నికలప్పుడు ఉల్లి ధర ఆకాశంలో ఉంది. అధికారంలో ఉన్న భాజపా ఓడిపోయింది, షీలా దీక్షిత్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ ఉల్లిని తేలిగ్గా తీసుకోలేదు. 2019 సెప్టెంబరులో ఎగుమతి నిషేధం. 2020 సెప్టెంబరులో మళ్లీ నిషేధం. 2023 ఆగస్టులో 40 శాతం ఎగుమతి సుంకం, డిసెంబరులో పూర్తి నిషేధం. అది 2024 మే దాకా సాగింది. సుంకం 2025 ఏప్రిల్‌లో గానీ పూర్తిగా పోలేదు.

బియ్యానికీ అంతే. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో ఇంచుమించు 40 శాతం మన దేశానిదే. దాంతో కదలిక ఎక్కడో కాదు, అమెరికాలోని తెలుగువారి వంటింట్లోనే ముందు కనిపించింది. అక్కడి ఇండియన్ స్టోర్ల ముందు సోనామసూరి కోసం బారులు తీరారు. ఒక్కొక్కరూ నాలుగైదు బస్తాలు కారులో వేసుకుపోతుంటే, కొన్ని స్టోర్లు కుటుంబానికి ఒక్క బస్తానే అని బోర్డు పెట్టాయి! ఆ నిషేధం 2024 సెప్టెంబరు నెలాఖరులో తొలగింది.

ఎగుమతి ఆపితే తగ్గే ప్రతి రూపాయీ పండించినవాడి రాబడిలోంచే పోతుంది. వరికి కనీస మద్దతు ధర ఉంది గనక కాళ్ల కింద నేల కాస్తయినా ఉంటుంది. ఉల్లికి అదీ లేదు. పెరిగినప్పుడు గేటు వేసేస్తే, తగ్గినప్పుడు ఆదుకునేదెవరు?

ఈ ప్రశ్న 2025లో కర్నూలు రైతులు అడిగారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడి మార్కెట్ యార్డులో ఉల్లి ధర కుప్పకూలింది. రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలు 1,200 రూపాయలకు కొనిపించింది. అదీ చాలక హెక్టారుకు 50 వేల రూపాయల సాయం ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతం. 2012ను ఆధారంగా తీసుకున్న ఆ సూచీలో అంత తక్కువ అంకె అంతకుముందెన్నడూ లేదు. ఆహార ధరలైతే ఏడాది కిందటి కంటే 5 శాతం తక్కువ! నగరంలో కొనేవారికి అది పండగ. ఆ పండగ ఖర్చులో కర్నూలు వాటా ఎంతో ఆ సూచీలో కనిపించదు.

నూనె గిన్నెకు రెండు వైపులా

ఎగుమతి గేటు మూయడం ఒకటి. దిగుమతి గేటు తెరవడం ఇంకొకటి. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి రావాల్సిందే. పామాయిల్ ఇండొనేసియా, మలేసియాల నుంచి... పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్ల నుంచి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలవగానే మన మూకుడులో నూనె మండింది అందుకే. కేంద్రం సుంకాలు తగ్గించింది. 2024 సెప్టెంబరులో నూనెగింజల రైతులకు గిట్టుబాటు కావడం లేదని ముడినూనెల మీద మొత్తం సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. ధరలు పెరిగాయని 2025 మే నెలాఖరులో మళ్లీ 16.5 శాతానికి దించింది.

ఇది తెలుగు రాష్ట్రాలకు రెండు వైపులా తగిలే విషయం. దేశంలో ఆయిల్‌పామ్ దిగుబడిలో సింహభాగం ఇక్కడిదే. సుంకం తగ్గితే విజయవాడలో నూనె ప్యాకెట్ చవకవుతుంది. అదే సుంకం తగ్గితే ఏలూరు, ఖమ్మం జిల్లాల్లో ఆయిల్‌పామ్ గెలల ధరా తగ్గుతుంది. మొక్క నాటాక కాపుకు నాలుగేళ్లు ఆగాలి, తర్వాత పాతికేళ్లు అదే తోట. టమాటాలా ఒక్క కారు మానేసే వీలు లేదు. అలాంటి రైతుకు ఏడాదికోసారి మారే సుంకం అంటే ఇంటి పునాది కదిలినట్టే.

చట్టంతో కట్టేస్తే?

ఇన్ని తిప్పలెందుకు... ఇంత కంటే ఎక్కువకు అమ్మకూడదని ఒక ఉత్తర్వు ఇస్తే పోలా? చాలామందికి వచ్చే అనుమానమే. అమెరికా అంతటి దేశం ఆ పనీ చేసి చూసింది. 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ దేశమంతటా ధరలను, జీతాలను 90 రోజులపాటు ఉన్నచోటే ఆపేశారు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాతి ఏడాది ఆయన ఘనంగా గెలిచారు కూడా. 1973లో మళ్లీ అదే మంత్రం వేశారు. ఈసారి దాణా ఖర్చు పెరిగిపోయి, కోడి ధర మాత్రం పెరగడానికి వీల్లేక రైతులు కోడిపిల్లలను నీళ్లలో ముంచి చంపేశారు. పశువులను మార్కెట్‌కు తోలడం మానేశారు. 1974లో కట్లు విప్పేసరికి ధరలు ఒక్కసారిగా పైకి లేచాయి.

మన దగ్గర ఇంత దూరం వెళ్లకుండా 1955 నాటి నిత్యావసర సరకుల చట్టం కింద నిల్వల మీద పరిమితి పెడతారు. 2023 జూన్‌లో కందిపప్పు, మినప్పప్పు, గోధుమలకు అలాగే పెట్టారు. దాచిపెట్టి ధర పెంచేవారికి ఇది పగ్గమే. అసలు పంటే తక్కువైన ఏడాది మాత్రం ఎన్ని గోదాములు తనిఖీ చేసినా కొత్తగా ఒక్క గింజా పుట్టదు. కంది కొరత తీరాలంటే మయన్మార్ నుంచో, ఆఫ్రికా నుంచో ఓడ రావాల్సిందే.

అప్పు చేసి పెట్రోలు

కూరగాయల లారీ డీజిల్‌తో నడుస్తుంది. అందుకని పెట్రోలు, డీజిల్ ధర ప్రతి వంటింటి ధర. ఇక్కడ ప్రభుత్వాలు రెండు రకాల మందులు వాడాయి.

మొదటిది 2005 నుంచి 2010 వరకు. అంతర్జాతీయంగా ముడిచమురు మండుతున్నా దేశంలో ధర పెంచకుండా ఆపారు. ఆ నష్టానికి చమురు సంస్థలకు నగదు ఇవ్వకుండా సుమారు 1.4 లక్షల కోట్ల రూపాయల బాండ్లు రాసిచ్చారు. వాటి చెల్లింపుల గడువులు 2025-26 వరకూ ఉన్నాయి. 2008లో లీటరు చవకగా పోయించుకున్న స్కూటర్ బిల్లులో కొంత, అప్పుడు బడికెళ్లే పిల్లలు పెద్దయ్యాక పన్నులుగా కట్టారన్నమాట.

రెండోది పన్ను. 2020 వసంతంలో ముడిచమురు ధర పాతాళానికి పడిపోయింది. ఆ లాభం బంకు దాకా రాలేదు. కేంద్రం ఎక్సైజ్ సుంకం పెంచి, మే నెలకల్లా లీటరు పెట్రోలు మీద 32.98 రూపాయలకు చేర్చింది. వందదాటి జనం గగ్గోలు పెట్టాక 2021 నవంబరులో పెట్రోలుకు 5, డీజిల్‌కు 10 రూపాయలు... 2022 మేలో మరో 8, 6 రూపాయలు తగ్గించింది. అంటే ఇచ్చిన ఊరటలో చాలాభాగం అంతకుముందు తీసుకున్నదే! వ్యాట్ తగ్గించాలని 2021లో కేంద్రం కోరితే చాలా రాష్ట్రాలు తగ్గించాయి. అప్పటి తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు రెండూ తగ్గించలేదు. పెంచింది మీరు, తగ్గించాల్సింది మేమా అన్నది వాటి వాదన. వాదనలో ఎవరు గెలిచారన్నది అటుంచితే, బంకులో మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది.

వడ్డీతో వైద్యం

ప్రభుత్వం చేసేది ఇలా ఉంటే రిజర్వు బ్యాంకు దారి వేరు. 2016 నుంచి దానికి ఒక లక్ష్యం పెట్టారు. ద్రవ్యోల్బణం 4 శాతం దగ్గర ఉండాలి, అటూ ఇటూ 2 శాతం దాటకూడదు. దాటితే వడ్డీ రేటు పెంచుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి చేరింది. 30 లక్షల ఇంటి అప్పు, ఇరవై ఏళ్ల గడువు అనుకుంటే... 7 శాతం వడ్డీకి నెల వాయిదా 23,259 రూపాయలు. అదే 9.5 శాతమైతే 27,964. నెలకు నాలుగు వేల ఏడొందలు అదనం! ఖర్చు చేసే చేతులకు పగ్గం వేస్తే గిరాకీ తగ్గి ధరలు నెమ్మదిస్తాయన్నది లెక్క. కార్లకు, ఫ్రిజ్‌లకు ఆ లెక్క పనిచేస్తుంది. వాన పడక పెరిగిన కందిపప్పుకు వడ్డీ రేటుతో పనేముంది? పప్పు ధరా, వాయిదా భారమూ రెండూ మోసింది మధ్యతరగతే.

క్యాలెండరు ఒకరికి, ఎన్నిక ఇంకొకరికి

ధర తగ్గించలేనప్పుడు ఆదాయం పెంచడం ఇంకో మార్గం. ప్రభుత్వోద్యోగుల కరవు భత్యం అలాంటిదే. సిమ్లాలోని లేబర్ బ్యూరో దేశమంతా ధరలు సేకరించి పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ తయారుచేస్తుంది. దాన్నిబట్టి కేంద్ర ఉద్యోగులకు ఏటా జనవరి, జులై నెలల నుంచి డీఏ సవరిస్తారు. 2025 జులై నుంచి అది మూలవేతనంలో 58 శాతమైంది. కొవిడ్ సమయంలో మూడు వాయిదాలు ఆపినా, 2021 జులైలో రేటును తిరిగి సరిచేశారు. ఎవరూ ధర్నా చేయకుండానే, ఎన్నికలతో పనిలేకుండానే క్యాలెండరు ప్రకారం పెరిగే ఆదాయం ఇది. మంచి పద్ధతి.

ఇప్పుడు పింఛను చూడండి. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 2007 నాటికి నెలకు 200 రూపాయలు. 80 ఏళ్లు దాటినవారిని మినహాయిస్తే 2025లోనూ అదే 200! ఈలోగా కందిపప్పు, నూనె, బీపీ మాత్ర ఎన్నిసార్లు పెరిగాయో లెక్కలేదు. మిగతా భారం రాష్ట్రాలు మోశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 200 ఉన్న పింఛను 2014 తర్వాత వెయ్యి, 2019 ఎన్నికల ముందు రెండు వేలు, 2024 ఎన్నికల నాటికి విడతలవారీగా మూడు వేలు, ఆ ఎన్నికల తర్వాత నాలుగు వేలు అయింది. పెంపు మంచిదే. తేదీలు గమనిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. డీఏ ధరల సూచీని బట్టి పెరుగుతుంటే, అవ్వ పింఛనులో పెద్ద పెంపులు ఎన్నికల చుట్టూనే వస్తున్నాయి. ధరలు ఎంత పెరిగినా ఆమె పింఛనుకు సూచీతో ముడి లేదు.

ఏ సూచీలోనూ లేనివారు మరెందరో. ఆటో నడిపేవారు, ఇళ్లలో పనిచేసేవారు, చిన్న ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పేవారు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసేవారు... వీళ్లకు డీఏ ఉండదు, రేటు పెంచమని అడగాలంటే పని పోతుందన్న భయం. ఇలాంటి ఇళ్లకు ఇటీవల అక్కరకొచ్చినవి మరోరకం పథకాలు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం. తెలంగాణలో అయిదొందలకే సిలిండర్, ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు. బజార్లో ఏ ధరా తగ్గదు. నెల జాబితాలో ఒక పద్దు మాత్రం చెరిగిపోతుంది. రైతు మీద భారం లేదు. ఖజానా మీద ఉంది. ఆర్టీసీకి ఆ సొమ్ము వేళకు అందకపోతే డొక్కు బస్సుల రూపంలో అదే ప్రయాణికులు కడతారు... అంతవరకూ జాగ్రత్త అవసరం.

రెండు వైపులా పనిచేసేదేది?

ఇన్నింటిలో కొనేవారినీ, పండించేవారినీ ఒకేసారి పట్టించుకునే మందు ఒకటుంది. పంట చేతికొచ్చి ధర పడిపోయినప్పుడు ప్రభుత్వమే కొనడం, కొరత రోజుల్లో వదలడం. ఉల్లికి కేంద్రం కొన్నేళ్లుగా ఇది చేస్తోంది. 2023లో 5 లక్షల టన్నుల దాకా, 2025లో 3 లక్షల టన్నుల లక్ష్యంతో కొన్నది. అయితే దేశంలో పండే ఉల్లి ఏటా 2 కోట్ల టన్నులకు పైనే. పైగా కొనేది ఎక్కువగా మహారాష్ట్రలో నిల్వకు ఆగే రబీ ఉల్లి. కర్నూలు ఖరీఫ్ ఉల్లి ఎక్కువ రోజులు ఆగదు, ఆ జాబితాలోకి రాదు.

టమాటా, ఉల్లి, బంగాళాదుంపల ధరలు ఇలా ఊగిపోకుండా చూడటానికి 2018-19 కేంద్ర బడ్జెట్లో 500 కోట్లతో 'ఆపరేషన్ గ్రీన్స్' ప్రకటించారు. మార్కెట్ పక్కనే గుజ్జు తీసే ఫ్యాక్టరీలు, శీతల గిడ్డంగులు, రవాణా... అన్నీ సరైన ఆలోచనలే. అయిదేళ్ల తర్వాత కూడా మదనపల్లెలో జులైలో రెండొందలు, సెప్టెంబరులో పది రూపాయలు అయ్యాయంటే చేయాల్సింది ఇంకా చాలానే ఉందని అర్థం. గిడ్డంగి కట్టడానికి రెండేళ్లు పడుతుంది, ఎగుమతి ఆపడానికి ఒక్క రాత్రి చాలు. ఏ ప్రభుత్వానికైనా ఏది తేలికో వేరే చెప్పాలా!

ఊరట కోరడం తప్పు కాదు. ఇంటి ఖర్చు మోసే ప్రతి ఒక్కరి హక్కు అది. అడిగేటప్పుడు మరో రెండు కూడా అడగాలి. పింఛను, కనీస వేతనాలు డీఏలాగే ఏటా ధరల సూచీ ప్రకారం పెరగాలని ఒకటి. ధర పెరిగినప్పుడు వ్యాన్లతో వచ్చినంత వేగంగా, పడిపోయినప్పుడు మార్కెట్ యార్డుకూ రావాలని ఇంకొకటి. రేపెప్పుడైనా 'కిలోకు ఇరవై తగ్గింపు' అన్న వార్త కనిపిస్తే సంతోషంగానే సంచి తీసుకుని బయల్దేరవచ్చు. ఆ పేజీలోనే ఓ మూల మార్కెట్ ధరల పట్టీ ఉంటుంది. ఆ రోజు యార్డులో రైతుకు ఎంత పలికిందో అదీ ఒకసారి చూస్తే చాలు.